ఫోటోలో దిగని గుబురమ్మ

అనగనగా ఒక అడవిలో అద్దం అనేదే లేదు. అందుకని అక్కడ అందరూ అందగాళ్లే.

నీళ్లు తాగడానికి వాగు దగ్గర వంగితే మొహం కనబడేది, నిజమే. కానీ దాహంతో వచ్చినవాళ్లకి మొహం మీద ధ్యాస ఎక్కడుంటుంది? గబగబా తాగడం, వెనక పులి ఉందేమో చూసుకోవడం, ఇంటికి పోవడం. అంతే. తమ ముక్కు పొడవో పొట్టో తెలియకుండానే ఎన్నో జంతువులు పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, సుఖంగా ముసలివైపోయాయి.

ఆ సుఖాన్ని ఒక కొండముచ్చు పాడుచేశాడు. అతని పేరు కోటయ్య. అడవి చూడటానికి వచ్చిన మనుషులెవరో ఒక కెమెరా మరిచిపోయి వెళ్లారు. మీట నొక్కితే చాలు, అప్పటికప్పుడు దాని నోట్లోంచి ఫోటో బయటికి వచ్చేది. కోటయ్య దాన్ని మెడలో వేసుకుని మద్దిచెట్టు కింద దుకాణం పెట్టాడు.

"రండి బాబూ రండి! గుప్పెడు మేడిపళ్లు ఇవ్వండి, మీ మొహం మీరే చూసుకోండి!" అని కేకలు వేశాడు.

ఇంకేముంది, అడవి అడవంతా ఎగబడింది. అడవిపంది ఇల్లాలు కడుపు లోపలికి పీల్చి నిలబడింది. కోటయ్య మీట వెతుక్కునేలోపు ఊపిరాడక దబ్బున పడిపోయింది. ఒక జింకకి ఎడమ పక్క మొహమే బాగుంటుందని ఎవరో చెప్పారు. ఆనాటి నుంచి ఆవిడ ఎవరితో మాట్లాడినా మెడ తిప్పే మాట్లాడేది, ఎదురుగా ఉన్న చెట్టు కనబడక రోజూ గుద్దుకునేది. ఇక మొసలిని "కాస్త నవ్వు బాబాయ్" అన్నాడు కోటయ్య. మొసలి నవ్వాడు. వరసలో నిలబడ్డవాళ్లు మళ్లీ సాయంత్రం దాకా చెట్లు దిగలేదు.

వచ్చిన ఫోటో మీద తీర్పు చెప్పడానికి ఒకావిడ ఉండేది. ఆడనెమలి సింగారమ్మ. ఎవరూ పిలవకపోయినా వచ్చేది. ఫోటో తడి ఆరకముందే లాక్కుని, మెడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమీ అనుకోకు గానీ..." అని మొదలుపెట్టేది. పిల్లలూ, ఎవరైనా "ఏమీ అనుకోకు" అన్నారంటే, రెండు రోజులు కూర్చుని అనుకోవలసిన మాట ఏదో రాబోతోందని తెలుసుకోండి.

ఆ అడవిలో గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. మొగుడు భల్లయ్య. కొడుకు బొగ్గడు, కూతురు జీడి. గుబురమ్మకి ఒళ్లంతా నల్లటి గుబురు జుట్టు. వీపు మీద మరీ దట్టం. ఎలుగుల ఇళ్లలో పిల్లలకి ఊయల ఉండదు, అమ్మ వీపే ఊయల. బొగ్గడూ జీడీ ఆ జుట్టు రెండు పిడికిళ్లా పట్టుకుని, వీపు మీద కూర్చుని అడవంతా తిరిగేవారు. గుబురమ్మ కింది పెదవి కాస్త వేలాడుతూ ఉంటుంది. పైన ముందు పళ్లు రెండు ఉండవు. అది ఆవిడ తప్పు కాదు, ఎలుగులెవరికీ ఉండవు. ఆ సందులోంచే చెదల్ని సర్రున పీల్చుకుని తింటారు.

పిల్లలు గుహలోంచి మొదటిసారి బయటికి వచ్చిన రోజున నలుగురూ కలిసి ఫోటో దిగారు. సింగారమ్మ చూసింది.

"ఏమీ అనుకోకు గానీ వదినా, పిల్లలు మాత్రం ముద్దొస్తున్నారు. వాళ్ల వెనక ఆ గడ్డివాము ఎవరిది?" అంది.

అందరూ పకపకా నవ్వారు. గుబురమ్మ కూడా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది. తర్వాత వాగు దగ్గరికి వెళ్లి, నీళ్లు తాగకుండా ఊరికే వాటిలోకి చూస్తూ చాలాసేపు కూర్చుంది. వేలాడే పెదవి చూసింది. పళ్ల సందు చూసింది. ఇన్నాళ్లూ ఈ మొహం వేసుకుని నలుగురిలో తిరిగానా అని సిగ్గుతో చచ్చిపోయింది. ఆ ఫోటోని చింపి వాగులో పడేసింది.

సింగారమ్మ ఆ మాట సాయంత్రానికే మరిచిపోయింది. పాపం, ఆ రోజు ఆవిడ ఇంకా చాలామందిని అనవలసి ఉంది.

మరి భల్లయ్య సంగతేమిటంటారా? ఆయన కడుపు మోకాళ్ల దాకా జారింది. ఒక చెవి తేనెటీగలు కుట్టి చితికిపోయింది. నడినెత్తి మీద జుట్టు లేదు. అయినా ఫోటో అనగానే వచ్చి నడిమధ్యలో కూర్చునేవాడు. "ఎలా ఉన్నాను?" అని ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు కూడా. ఇది ఎందుకలా అని నన్ను అడగకండి, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

ఆ తర్వాత ఇప్పపూల కాలం వచ్చింది. చెట్టు కింద కూర్చుని పూలు తింటూ అందరూ ఫోటో దిగారు. "పిల్లలు కదలకుండా నేను పట్టుకుంటాలెండి" అని గుబురమ్మ మోడు వెనక పడుకుని చేతులు మాత్రం బయట పెట్టింది. ఫోటోలో ఆవిడ గోళ్లు పడ్డాయి.

తేనె తీసిన రోజున మళ్లీ ఫోటో. ఈసారి మీట నొక్కే సమయానికి ఒక టేకాకు తెచ్చి మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఎండ కళ్లలో పడుతోంది" అంది. ఆకాశమంతా మబ్బు.

భల్లయ్య తల్లి చూడటానికి వచ్చినప్పుడు ఇంకో ఫోటో. "నువ్వూ రావే అమ్మాయ్" అని ముసలావిడ పిలిచింది. "నేను తర్వాత దిగుతా అత్తయ్యా, ఇప్పుడు నేనే తీస్తా" అని కోటయ్య చేతిలోంచి కెమెరా లాక్కుంది. ముసలావిడ ఆ చలికాలమే పోయింది. తర్వాత దిగడం కుదరలేదు.

ఈ ఫోటోలన్నీ గుహ గోడకి జిగురుతో అంటించారు. ఒకరోజు పక్క బొరియలోని ముళ్లపంది పిల్ల ఆడుకోవడానికి వచ్చి వాటిని చూసింది.

"మీకు అమ్మ లేదా?" అని అడిగింది.

"ఎందుకు లేదూ, అదిగో!" అంది జీడి.

"ఎక్కడ?"

"ఆ గోళ్లు."

"ఇంకా?"

"ఆ టేకాకు."

"ఇంకా?"

"ఇంకా... ఆ మూడో ఫోటో తీసింది మా అమ్మే."

ముళ్లపంది పిల్ల కాస్త ఆలోచించింది. "మరి మీ అమ్మ చచ్చిపోతే మీరు ఆకు చూసి ఏడుస్తారా?" అంది. చిన్నపిల్ల కదా, తోచింది అడిగేసింది. జీడి మాత్రం అప్పటికప్పుడే భోరుమని ఏడ్చింది.

గుహ బయట పుట్టతేనె వడకడుతున్న గుబురమ్మ ఈ మాటలన్నీ విన్నది. పిల్ల ఏడుపు విన్నాకైనా బుద్ధి రావాలి కదా? వచ్చింది. వచ్చి అడ్డదారి పట్టింది. 'ఈసారి ఫోటోలో తప్పకుండా దిగాలి' అనుకుంది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. 'కాకపోతే ముందు బాగుపడాలి, ఆ తర్వాత దిగాలి' అనుకుంది.

సరిగ్గా అప్పుడే తొలిపుట్ట పండగ వచ్చింది. ఎలుగుల్లో అదొక ఆచారం. పాలు మానే వయసు రాగానే అమ్మ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని చెదపుట్ట దగ్గరికి వెళుతుంది. గోళ్లతో పుట్ట పగలగొడుతుంది. ఉఫ్ అని మట్టి ఊదేస్తుంది. సర్రున చెదలు పీల్చి, మొదటి ముద్ద పిల్లల నోట్లో పెడుతుంది. ఇది అమ్మ మాత్రమే చెయ్యాలి. అడవిలో అందరూ వచ్చి చూస్తారు. ఫోటో తీస్తే మధ్యలో ఉండేది అమ్మే. మోడు వెనక దాక్కోవడం, ఆకు అడ్డం పెట్టుకోవడం కుదరదు.

గుబురమ్మ దొంగలా చుట్టూ చూసుకుంటూ మద్దిచెట్టు దగ్గరికి వెళ్లింది.

"కోటయ్యా, నన్ను ఫోటోలో బాగా పడేట్టు చెయ్యగలవా?"

కోటయ్య తోక ఊపాడు. బాగున్నవాళ్లకి ఫోటో తీస్తే గుప్పెడు పళ్లు. బాగులేమనుకునేవాళ్లకి తీస్తే బుట్టెడు పళ్లు. ఆ వ్యాపారం అతనికి ఎప్పుడో అర్థమైంది.

"అయ్యో అమ్మా, అదెంత పని! నీకు మూడే మూడు లోపాలున్నాయి. పళ్ల సందు, పెదవి, జుట్టు. మూడూ సర్దేస్తాను" అన్నాడు.

మొదట వాగులోంచి రెండు తెల్లటి గులకరాళ్లు తెచ్చి, తుమ్మ జిగురు రాసి పళ్ల సందులో అతికించాడు. తర్వాత సన్నటి తీగతో కింది పెదవిని పైకి లాగి, చెవుల వెనక గట్టిగా ముడివేశాడు. ఇక నోరు తెరవడానికి లేదు. ఆఖరికి ఆల్చిప్ప అంచుతో వీపు మీది జుట్టంతా పొట్టిగా కోసేశాడు. మిగిలిన కుచ్చు మీద ఇప్పనూనె పోసి, నున్నగా మెరిసేట్టు దువ్వాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"ఊఁ" అంది గుబురమ్మ.

"అందమంటే అంతే మరి" అన్నాడు కోటయ్య, బుట్ట చంకన పెట్టుకుంటూ.

పండగ నాడు చెదపుట్ట చుట్టూ అందరూ చేరారు. గుబురమ్మ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. సింగారమ్మ రెక్కలు కొట్టుకుంటూ ఎదురెళ్లింది.

"అబ్బ, ఎంత బాగున్నావు వదినా! అచ్చం ఎలుగువే కానట్టున్నావు!" అంది.

గుబురమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలుగువి కానట్టున్నావు అన్నందుకు ఎలుగుకి ఆనందం! నేను అక్కడ ఉండి ఉంటే ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టేదాన్ని.

జీడి మాత్రం నాన్న వెనక దాక్కుంది. "ఈవిడ ఎవరు నాన్నా?" అంది. బొగ్గడు దగ్గరికి వెళ్లి వాసన చూశాడు. ఇప్పనూనె వాసనే వచ్చింది. "మా అమ్మ ఏదీ?" అని ఏడుపు మొహం పెట్టాడు. "నేనేరా నాయనా" అందామనుకుంది గుబురమ్మ. తీగ బిగుసుకుని "ఊఁ ఊఁ ఊఁ" అని మాత్రం వచ్చింది.

"అమ్మేరా, ఎక్కండి!" అని భల్లయ్య ఇద్దరినీ ఎత్తి వీపు మీద కూర్చోబెట్టాడు. జీడి ఇటు జారింది. బొగ్గడు అటు జారాడు. మళ్లీ కూర్చోబెట్టాడు. మళ్లీ జారారు. పట్టుకుందామంటే పిడికిట్లోకి జుట్టే రాలేదు. చూసేవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

"పోనీలే, ముందు ముద్ద పెట్టు" అన్నారు పెద్దలు. గుబురమ్మ పుట్ట పగలగొట్టింది. పీల్చింది. సందు మూసుకుపోయింది, పెదవి కట్టేసి ఉంది. ఒక్క చెద కూడా నోట్లోకి రాలేదు. ముక్కులోంచి పిచ్చుక కూసినట్టు కీచుమని మోత వచ్చింది. చెదలన్నీ ఎవరి దారిన అవి భూమిలోకి పోయాయి. పిల్లలిద్దరూ నోళ్లు తెరుచుకుని అలాగే నిలబడ్డారు.

"ముద్ద సంగతి తర్వాత! ఈ వెలుగు మళ్లీ రాదు. అమ్మా, తల కొంచెం పైకి! అందరూ నవ్వండి!" అని కోటయ్య మద్దికొమ్మ మీంచి అరిచాడు.

ఆ సందడంతా విని, ఎవరూ పిలవకుండానే ఇంకొకరు వచ్చారు. పొదలు కదిలాయి. పులి బయటికి వచ్చాడు.

మొట్టమొదట ఎగిరిపోయింది సింగారమ్మ. జింకలు మాయమయ్యాయి. ముళ్లపందులు బొరియలో దూరాయి. భల్లయ్య అందరికన్నా దగ్గర్లో ఉన్న చెట్టెక్కాడు. ఎక్కేటప్పుడు కడుపు ఆయనకి ఏమాత్రం అడ్డు రాలేదు.

గుబురమ్మ ఎప్పటిలాగే గభాలున వంగి వీపు చూపించింది. పిల్లలు ఎప్పటిలాగే ఎగిరి వీపు మీద పడ్డారు. ఆవిడ పరుగు అందుకుంది. నాలుగు అంగలు వేసేసరికి వీపు తేలికైపోయింది. వెనక్కి తిరిగి చూస్తే జీడి ఆవిడ తోక దగ్గరి కుచ్చు పళ్లతో కరుచుకుని వేలాడుతోంది. బొగ్గడు లేడు. అల్లంత దూరంలో నేల మీద పడి ఉన్నాడు. పులి పంజా అప్పటికే వాడి వెనకకాలి మీద ఉంది.

"అమ్మా!" అని అరిచాడు బొగ్గడు.

ఆ కేక విన్నాక గుబురమ్మకి తన పెదవి గుర్తులేదు, పళ్లు గుర్తులేవు, ఎవరు చూస్తున్నారో గుర్తులేదు. జీడిని విదిలించి పొదలో పడేసి, వెనక్కి పరిగెత్తి పులి ముందు రెండు కాళ్ల మీద నిలబడింది. అరవబోయింది. "ఊఁ" అని మాత్రమే వచ్చింది.

పులికి నవ్వొచ్చింది. "ఏమిటమ్మా ఈ వేషం? నోటికి ఆ కట్టేమిటి? ఎవరి పెళ్లి?" అన్నాడు.

గుబురమ్మ గోళ్లతో ఆ తీగని ఫెళ్లున తెంపేసింది. తీగతోపాటు చెవి పక్క చర్మం కూడా లేచింది. పెదవి జారి తన చోటికి వచ్చి వేలాడింది. అప్పుడు అరిచింది చూడండి, ఆ అరుపుకి కొండ అవతల పడుకున్న గబ్బిలాలు లేచాయి. జిగురు ఊడి, గులకరాళ్లు రెండూ నోట్లోంచి ఎగిరి వెళ్లి ఒకటి పులి ముక్కు మీద, ఒకటి కంటి మీద ఠపీమని తగిలాయి.

పులి అదిరిపడ్డాడు. కింద పడిన తెల్లటి రాళ్లని చూశాడు. గుబురమ్మ నోట్లో సందు చూశాడు.

"ఓరి నాయనో! కోపమొస్తే పళ్లు పీకి విసిరే ఆడదాన్ని ఎక్కడా చూడలేదు. పళ్లే విసిరేస్తే ఇక గోళ్లతో ఏం చేస్తుందో!" అనుకున్నాడు. కాలు మీంచి పంజా తీసి, పరువు పోకుండా మెల్లిగా నాలుగడుగులు నడిచి, పొద దాటగానే పరుగు లంఘించుకున్నాడు.

గుబురమ్మ బొగ్గడిని ఒళ్లోకి లాక్కుని గాయం నాకింది. గాటు లోతుగానే పడింది. వాడు బతికాడు గానీ చాలాకాలం కుంటుతూ నడిచాడు. అమ్మ వీపెక్కుదామంటే జుట్టు ఇంకా రాలేదు. ఆ వానాకాలమంతా పిల్లలిద్దరూ బురదలో, ముళ్లలో కాళ్లీడ్చుకుంటూ అమ్మ వెనక నడిచారు. వాడు కుంటిన ప్రతిసారీ గుబురమ్మ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకునేది. బుట్టెడు పళ్లు పోసి కొనుక్కున్న అందం అది.

పులి పోయాడని తెలిశాక అందరూ ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. కోటయ్య కొమ్మ దిగాడు. గుబురమ్మ అరుపుకి ఉలిక్కిపడినప్పుడు అతని వేలు మీట మీద పడింది. ఒక ఫోటో వచ్చింది. అందులో గుబురమ్మ ఒక్కతే నిలువెత్తున ఉంది. నోరు గుహంత తెరుచుకుంది. పెదవి గాలికి ఎగురుతోంది. పళ్ల సందులోంచి నాలుక కనబడుతోంది. ఒళ్లు సగం కోసిన చేనులా ఉంది. కాళ్ల దగ్గర బొగ్గడు ముడుచుకుని ఉన్నాడు. ఒక మూల పులి పంజా మాత్రం పడింది.

సింగారమ్మ చూసి ముక్కు మీద రెక్క వేసుకుంది. "ఏమీ అనుకోకు గానీ వదినా, ఇది చింపెయ్. ఎవరైనా చూస్తే నవ్విపోతారు. జుట్టొచ్చాక ఇంకోటి దిగుదువుగానీ" అంది.

"అవునమ్మా, ఇది బాగా రాలేదు" అన్నాడు కోటయ్య. ఆ ఒక్క ఫోటోకి మాత్రం అతను పళ్లు అడగలేదు.

గుబురమ్మ ఫోటో అందుకుంది. చింపుదామనే అందుకుంది. రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుంది. ఇంతలో జీడి కింద నుంచి ఎగిరి దాన్ని లాక్కుంది. చూసింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. వెంటనే గొంతు చించుకుని, "ఒరేయ్ బొగ్గా! అమ్మ పడిందిరా! అమ్మ మొత్తం పడింది!" అని అరిచింది.

బొగ్గడు కుంటుకుంటూ వచ్చాడు. వాడు పెదవి చూడలేదు. సందు చూడలేదు. "ఇదిగో అమ్మ కాళ్ల దగ్గర నేను" అన్నాడు. "ఎంత బాగుందో అమ్మ!" అన్నాడు.

గుబురమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఇంతకాలం ఈ పిల్లల దగ్గర్నుంచి దేన్ని దాచిపెట్టిందో అప్పటికి తెలిసింది. ఆ ఫోటోని తీసుకెళ్లి గుహ గోడకి నడిమధ్యలో అంటించింది. భల్లయ్య ఫోటోని కాస్త పక్కకి జరపవలసి వచ్చింది. చెట్టెక్కినవాడు కాబట్టి ఆయనే దగ్గరుండి జరిపాడు.

మర్నాడు సింగారమ్మ గుహకి వచ్చింది. ఫోటో గోడ మీద చూసి, "చెప్పినా వినలేదన్నమాట" అంది.

జీడి ఆవిడ పక్కన చేరి అడిగింది. "అత్తా, మీ గూట్లో కూడా బోలెడు ఫోటోలు ఉన్నాయి కదా. అన్నింట్లో మామయ్య తోకే ఉంది. నువ్వు ఏ ఫోటోలో ఉన్నావు?"

సింగారమ్మ మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"నాదేముందే, మట్టి రంగు మొహం, కురచ తోక. మీ మామయ్య ఉన్నారుగా, చాలదూ?" అంది చివరికి.

"నీ పిల్లలకి చాలదు వదినా" అంది గుబురమ్మ. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. "రా, కోటయ్య మద్దిచెట్టు కిందే ఉంటాడు. పిల్లల్ని పిలు. ఇప్పుడే దిగు."

"ఇప్పుడా? అమ్మో, ఇలాగా? ఈకలు కొంచెం సర్దుకున్నాక తప్పకుండా దిగుతాలే" అంటూ సింగారమ్మ వెళ్లిపోయింది.

ఆవిడ ఈకలు సర్దుకుంటూనే ఉంది. వానాకాలం వెళ్లింది, చలికాలం వెళ్లింది. పిల్లలకి రెక్కలొచ్చి కొండ అవతలికి ఎగిరిపోయారు. వెళుతూ వెళుతూ ఇంటి గుర్తుగా ఒక్క ఫోటో ముక్కున కరుచుకుని వెళ్లారు. అందులో నాన్న తోక ఉంది.

నీతి: నీ మొహం మీద మాట విసిరినవాళ్లు సాయంత్రానికి దాన్ని మరిచిపోతారు, నీ పిల్లలు మాత్రం ఎప్పటికీ ఆ మొహం కోసమే వెతుకుతారు. అందుకని కడుపు లోపలికి పీలుస్తావో మానేస్తావో నీ ఇష్టం, ఫోటోలో మాత్రం దిగు.